షరతులు మనం కూడా రాయాలి



లీనియర్ ప్రోగ్రామింగ్ అంటే మనలో చాలామందికి గ్రాఫు పేపరు, స్కేలు, పరీక్షలో ఒక ప్రశ్న. పరీక్ష అయిపోగానే మర్చిపోతాం. అట్ల మర్చిపోతే మనకే నష్టమని మా అభిప్రాయం.

మేం కమాన్‌పూర్ మండలం విద్యార్థులం. మొన్న సెలవుల్లో నలుగురం కూర్చొని పైథాన్‌లో ఒక లెక్క చేసినం. అంకెలు లెక్క కోసం పెట్టుకున్నవే. ఒక ఇంటికి 5 ఎకరాల భూమి, 76 వేల పెట్టుబడి ఉన్నాయి. పత్తికి ఎకరానికి 20 వేలు ఖర్చు, 15 వేలు మిగులు. జొన్నకు 8 వేలు ఖర్చు, 7 వేలు మిగులు. ఏది ఎన్ని ఎకరాలు వేస్తే ఎక్కువ మిగులుతుంది?

సైపై లైబ్రరీలో లిన్‌ప్రోగ్ అనే ఫంక్షన్ ఉంది. అది తక్కువ విలువనే వెతుకుతది. ఎక్కువ కావాలంటే మిగులు అంకెల ముందు మైనస్ పెట్టాలి. మేం అది మర్చిపోతే సున్నా, సున్నా అని వచ్చింది, అంటే ఏమీ వేయొద్దని! మైనస్ పెట్టినంక పత్తి 3, జొన్న 2 ఎకరాలు, మిగులు 59 వేలు అని చూపించింది. మాట్‌ప్లాట్‌లిబ్‌తో గీతలు గీసి, షరతులన్నీ కుదిరే చోట రంగు నింపితే నాలుగు మూలలు కనబడ్డయి. 59 వేలు వచ్చేది గీతలు రెండూ కలిసే మూల దగ్గర.

అప్పుడు మాలో ఒకరు అడిగిన్రు: "ఇంట్ల తిండికి 3 ఎకరాల జొన్న కావాలె కదా?" ఆ ఒక్క షరతు కలిపినం. జవాబు మారింది: పత్తి 2, జొన్న 3, మిగులు 51 వేలు. తగ్గిన 8 వేలు ఆ షరతు ధర. మనం రాసేదాకా కంప్యూటర్‌కు ఆకలి సంగతి తెల్వదు.

అసలు సంగతి ఇదే. ఏ గ్రేడు బొగ్గు ఎంత కలపాలి, ఏ బెంచీ ఎప్పుడు తవ్వాలి అనే లెక్కలకు గనుల ఇంజనీరింగ్‌లో ఇలాంటి పద్ధతులే వాడతారు. ఆ లెక్కలో ఊరి బావి, చెరువు, శ్మశానం ఎట్ల కనబడతయి? ఖర్చుగా రాస్తే పరిహారం కట్టి దాటిపోవచ్చు. షరతుగా రాస్తే ఎంత లాభమొచ్చినా దాటరాదు. ఏజెన్సీలో 1/70 చట్టం అట్లాంటి గీతే: గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోరాదు. మన పెద్దలు దాన్ని ధర కట్టే వస్తువుగా చూడలేదు, హద్దుగా చూసిన్రు.

"కోడింగ్ నేర్చుకుంటే డోజర్ ఆగుతదా?" అని కొందరు అడుగుతరు. ఆగదు. దానికి చట్టం కావాలె, సంఘం కావాలె. కానీ గ్రామసభలో, ప్రజాభిప్రాయ సేకరణలో ఎదుటివాళ్లు అంకెలు పరిచినప్పుడు మూడు ప్రశ్నలు అడిగేటోళ్లు మనలో ఉండాలె. దేన్ని పెంచాలని ఈ లెక్క వేసిన్రు? ఏ షరతులు పెట్టిన్రు? మాకు హద్దు అయినదాన్ని మీరు ఖర్చు కింద ఎందుకు రాసిన్రు?

ల్యాప్‌టాప్ లేకున్నా ఫోన్‌లో గూగుల్ కొలాబ్ తెరిచి ఇదంతా చేయొచ్చు. ముందు మీ ఇంటి చేను లెక్క వేయండి. చేత్తో గ్రాఫు గీసి, తర్వాత కోడ్‌తో సరిచూడండి. మీ అమ్మానాన్నలను అడగండి, ఏ షరతు మర్చిపోయిన్రో వాళ్లు చెప్తరు. అది ఇక్కడ రాయండి, అందరం కలిసి చేద్దాం.