ఆడపిల్ల ఓడిపోవడానికి చోటేదీ?

ఆడపిల్లలు వీడియో గేములు ఆడితే మనకేం అభ్యంతరం లేదు, సెలవుల్లో ఓ అరగంట. బాగా నేర్చుకుని పోటీకి వెళ్తానంటేనే ఇల్లంతా కంగారు. మా ఇంట్లో ప్రస్తుతం జరుగుతున్నది అదే. మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం. ఆడేది టెక్కెన్, ఇద్దరు ఎదురెదురుగా నిలబడి తన్నుకునే ఆట. "ఆడపిల్లకి ఈ కొట్లాటలేమిటే" అని మా అత్తగారి విసుగు.

మొదట్లో తనూ అందరిలాగే దొరికిన బటన్లన్నీ టకటకా నొక్కేసేది. గెలిస్తే కేకలు, ఓడితే అలక. ఏడాదిగా వరస మారింది. ముప్పైకి పైగా పాత్రలుంటే ఒక్కదాన్నే పట్టుకుంది. ఒకే దెబ్బ వందసార్లు సాధన చేస్తుంటే నాకు మా సంగీతం టీచరు మూడు కాలాల్లో పాడించిన సరళీ స్వరాలు గుర్తొస్తాయి. ఈ ఆటలో సెకనుని 60 ముక్కలు చేసి లెక్క చూస్తారు. మామూలు గుద్దు తగలడానికి 10 ముక్కలు చాలు. ఎదుటివాడు విసిరిన దెబ్బ మనం కాచుకున్నాక వాడు తేరుకోవడానికి అంత సమయం పడితే, ఆ సందులో మన గుద్దు పడాల్సిందే. ఏ దెబ్బకి ఎంత సందో కంఠతా రావాలి. ఓడిన ఆటని మళ్ళీ వేసుకుని చూస్తుంది. "ఇక్కడ కింద కాచుకోవాల్సింది" అని తనలో తనే గొణుక్కుంటుంది. అలిగే పిల్ల ఆరా తీసే పిల్లయింది. కాలక్షేపం ఆటకీ పోటీ ఆటకీ తేడా అదే. వేళ్ళ వేగం తర్వాతి సంగతి.

అయితే ఒంటరి సాధన కొంతవరకే. 2019లో లాహోర్ కుర్రాడు అర్సలాన్ ఆష్ ఎవో జపాన్‌లోనూ, ఆ ఏడాదే లాస్ వేగస్‌లో జరిగిన ఎవోలోనూ గెలిచాడు. తనకి దీటైనవాళ్ళు మా దేశంలో ఇంకా ఉన్నారన్నాడు. అతను తయారైంది అక్కడి గేమ్ షాపుల్లో, రోజూ ఎదురుపడే తోటివాళ్ళ మధ్య.

1990ల చివర్లో మా ఊళ్ళోనూ అలాంటి షాపులుండేవి. మా అన్నయ్య సైకిలెప్పుడూ అక్కడే. మేం మాత్రం ఆ గడప తొక్కలేదు. అమ్మాయిలు రాకూడదని ఎవరూ బోర్డు పెట్టలేదు, పెట్టక్కర్లేదు కూడా!

ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఎవరితోనైనా ఆడుకోవచ్చుగా అంటారు. మా అమ్మాయి అక్కడ మగపేరు పెట్టుకుంది. ఎందుకే అంటే, "ఆడపిల్లనని తెలిస్తే బూతులైనా తిడతారు, లేదంటే కావాలని ఓడిపోతారమ్మా. రెండూ దండగే" అంది. బూతు తప్పని అందరూ ఒప్పుకుంటారు. ఆ దయతో ఇచ్చే గెలుపుని మాత్రం మర్యాద అంటారు. నిజంగా ఓడించేవాళ్ళు లేకపోతే పిల్ల ఏం నేర్చుకుంటుంది చెప్పండి?

హైదరాబాద్‌లో పోటీకి వెళ్తానంటోంది. "అంతా మగపిల్లలే కదా" అని మావారి సందేహం. చదువు విషయంలో నేనూ గట్టిదాన్నే, రాత్రి తొమ్మిదిన్నరకి టీవీ కట్టేయాల్సిందే. ఈ ఆట అన్నం పెడుతుందనీ అనను. పిల్లలాట అంటే మాత్రం ఒప్పుకోను. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో స్ట్రీట్ ఫైటర్ స్వర్ణం గెలిచిన కొరియా ఆటగాడు కిమ్ గ్వాన్‌వూకి అప్పటికి 44 ఏళ్ళు.

పోటీకి నేనే వెంట వెళ్తున్నాను. అదొక్క రోజు సంగతి. మిగతా రోజులకి మన ఊళ్ళ మహిళా కాలేజీల్లో వారానికో సాయంత్రం ఓ గది తెరిచి, ఓ టీవీ, నాలుగు కుర్చీలు వేయిస్తే బాగుండును. మా పిల్లని ఓడించే అమ్మాయిలు ఈ ఊళ్ళో ఎక్కడో ఉండే ఉంటారు, వాళ్ళూ ఏ మగపేరుతోనో ఆడుతూ.