కడుపు మీద నెపం

తమిళనాడులోని తిరుత్తణి, పళ్ళిపట్టు వైపు తెలుగిళ్ళలో పెద్దవాళ్ళకు మరుపు ముదిరితే ‘వయసైపోయింది’ అని వదిలేయడం పాత అలవాటు. ఇప్పుడు కొత్తమాట వచ్చింది: అంతా పేగుల్లోని బ్యాక్టీరియా వల్లేనట, ఫలానా పొట్లం కలిపి తాగిస్తే చాలట. నాకు ఈ కొత్తమాటంటేనే ఎక్కువ భయం, ఇందులో కొంత నిజముంది కనుక.

2017లో అమెరికాలోని విస్కాన్సిన్ పరిశోధకులు మతిమరుపు జబ్బు అల్జీమర్స్ ఉన్న 25 మంది రోగుల మలాన్ని, జబ్బులేని మరో 25 మంది మలంతో పోల్చి చూశారు. రోగుల్లో సూక్ష్మజీవుల రకాలు తక్కువగా ఉన్నాయి. సరే, ఏది ముందు? మరుపొచ్చిన ముసలామె ఉన్నదేదో తింటుంది, తిన్నదీ లేనిదీ మరిచిపోతుంది, నీళ్ళు తాగదు, గడప దాటదు. ఆపైన మలబద్ధకం. ఆ కడుపులో బ్యాక్టీరియా మారకేం చేస్తుంది? జబ్బే కడుపును మార్చి ఉండొచ్చు కదా! ఈ చిక్కు విప్పడానికే ఐర్లండ్‌లోని కార్క్ శాస్త్రవేత్తలు రోగుల పేగు సూక్ష్మజీవులను కుర్ర ఎలుకలకు ఎక్కించారు. వాటి జ్ఞాపకశక్తి దెబ్బతిందని 2023లో ప్రకటించారు. గట్టి ఆధారమే, ఎలుకల వరకు.

మనుషుల దగ్గర కథ అంత సాఫీగా లేదు. పేగు బ్యాక్టీరియాను సరిచేస్తుందంటూ అల్జీమర్స్‌కు చైనా 2019లో అనుమతించిన సముద్రపు నాచు మందు మీద ఇతర దేశాల్లో మొదలైన పెద్ద పరీక్ష 2022లో మధ్యలోనే ఆగిపోయింది.

పులిసిన తిండి కడుపుకు మంచిదంటే కాదనను: ఆడి నెలలో అమ్మవారి గుళ్ళ దగ్గర పోసే రాగి కూళు, ఎండాకాలం చద్దన్నం నేనూ వదలను. అలాంటివాటిని మతిమరుపు మందని అమ్మితేనే నా పేచీ.

2024లో లాన్సెట్ వైద్య పత్రిక కమిషన్ డిమెన్షియాకు, అంటే మతిమరుపు జబ్బులకు, తగ్గించుకోదగ్గ ముప్పు కారణాలు 14 చెప్పింది. బీపీ, షుగరు, వినికిడి లోపం, చెడు కొలెస్ట్రాల్ వాటిలో ఉన్నాయి. పేగు బ్యాక్టీరియా లేదు. తమిళనాడు ప్రభుత్వం 2021 నుంచి ‘మక్కళై తేడి మరుత్తువం’ (ప్రజల చెంతకే వైద్యం) పథకం కింద బీపీ, షుగరు మాత్రలు ఇంటికే పంపుతోంది. ఒంట్లో బాగానే ఉంది కదా అని వాటిని డబ్బాలో దాచి, పొట్లానికి డబ్బు పోసే ఇళ్ళకు ఏం చెప్పాలి?

ప్రభుత్వాన్ని అడగాల్సిందీ ఉంది. మాత్రలు తెచ్చే ఆమె, ఇంట్లో పెద్దవాళ్ళకు చెవులు వినబడుతున్నాయా, మరుపు పెరిగిందా అని కూడా ఆరా తీయాలి. ఆ ఆరా ఏ భాషలో అన్నదీ ముఖ్యమే. ఇప్పుడు తిరువళ్ళూరు జిల్లాలో ఉన్న తిరుత్తణి 1960 దాకా చిత్తూరు జిల్లాలోదే. ఇప్పుడు ఎనభై దాటినవాళ్ళలో తెలుగు బడికి పోయినవాళ్ళున్నారు. అలాంటి అవ్వను తమిళంలో నెలలు, వారాలు అప్పజెప్పమని, తడబడగానే మతిమరుపని రాసుకుంటే ఎట్లా? మతిమరుపు పరీక్ష తిరువళ్ళూరు జిల్లా ఆసుపత్రుల్లో తెలుగులోనూ ఉండాలి.

— పొలిమేర