యౌవనమున రక్తపోటు

రక్తపోటు ముదుసలులను మాత్రమే ఆశ్రయించు జాడ్యమని మనవారిలో ఒక నమ్మకము పాతుకొనియున్నది. ఇరువదియైదేండ్ల కుమారుడు ఉద్యోగమున చేరుటకు వైద్యపరీక్షకు పోవును. పై అంకె 134, క్రింది అంకె 86 అని చీటిమీద వ్రాసి యిత్తురు. ఆ చీటి ఇల్లు చేరినంతనే తలకొక మాట బయలుదేరును. "పడుచువాడు, మెట్లెక్కి పోయియుండును, అదేమి లెక్క" యని చీటిని చించివేయువా రొకరు. "ఈ వయసుననే పట్టుకొన్నది, ఇక బ్రదుకంతయు మాత్రలే" యని గుండెలు బాదుకొనువారు వేఱొకరు. సంబంధములు చూచుచున్న యిల్లైనచో, చీటిని పెట్టె యడుగున దాచి, ఎవ్వరితోను చెప్పవలదని కుఱ్ఱవానికి బోధించువారును కలరు. నిర్లక్ష్యము, భీతి, గోపనము - ఈ మూడును తప్పుత్రోవలే యని మా నిశ్చితాభిప్రాయము.

గుండె ముడుచుకొని రక్తమును త్రోయునపుడు నాళముల గోడలపై పడు ఒత్తిడియే పై అంకె. రెండు స్పందనముల నడుమ గుండె విశ్రమించునపుడు నిలిచియుండు ఒత్తిడియే క్రింది అంకె. ఈ ఒత్తిడి ఉండవలసినదే. అది లేనిచో మెదడునకు రక్త మెక్కదు. హద్దు మీఱుటయే దోషము. చేతికి పట్టీ చుట్టి కొలుచు సాధనమును ఇటలీ దేశీయుడగు రివా-రోచి 1896లో కల్పించెను. పట్టీ క్రింద నాళశబ్దమును విని రెండంకెలను గుర్తించు పద్ధతిని రష్యా వైద్యుడగు కొరొత్కొవ్ 1905లో తెలిపెను. నాటనుండి హద్దు ఎచ్చట గీయవలె నను వాదము నడచుచునే యున్నది. అమెరికా హృద్రోగ వైద్యసంఘములు 2017లో 130/80 మొదలుకొని రక్తపోటుగనే పరిగణింపవలెనని నిర్ణయించినవి. ఐరోపా వైద్యసంఘము 2024లో 140/90 హద్దును నిలుపుకొని, 120/70 మొదలు 139/89 వఱకు "పెరిగిన ఒత్తిడి" యను నడిమి శ్రేణి నొకదానిని ఏర్పఱచినది. మన దేశమున ప్రభుత్వవైద్యులు మందు నారంభించుటకు సామాన్యముగ 140/90నే హద్దుగ గొనుచున్నారు. పండితులకే ఏకాభిప్రాయము లేనపుడు మన కేల ఈ చింత యని కొందఱనవచ్చును. వారి వివాదము పేరు పెట్టుటను గూర్చియు, మందు ఎప్పుడీయవలె ననుటను గూర్చియు. అంకె పెరిగినకొలది అపాయము పెరుగు ననుటలో వారిలో భేదము లేదు.

"వయసునుబట్టి ఇది సహజమే" యను మాట ఎంత చేటు తెచ్చినదో అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్వెల్టు చరిత్ర చెప్పుచున్నది. 1937లో 162/98గ నున్న ఆయన రక్తపోటు 1941 నాటికి 188/105 అయ్యెను. ఆయన ఆరోగ్యము దివ్యముగ నున్నదనియే లోకమునకు చాటుచుండిరి. 1944లో యువ హృద్రోగవైద్యు డొకడు పరీక్షించి గుండె బలహీనపడినదని కనుగొనెను. 1945 ఏప్రిలు 12న మెదడులో రక్తనాళము చిట్లి ఆయన మరణించెను. ఆనాడు కొలిచిన పోటు 300/190. నాటికి సరియైన మందులు లేవనుట నిజమే. కాని అంకె మెట్టు మెట్టుగ ఎక్కుచుండగా అది రోగమే కాదని సమాధానపడిన నాటి వైద్యలోకపు ధోరణియు అంతే నిజము. మన దేశమునందు 1930ల చివరి యేండ్లలో మహాత్మునికి రక్తపోటు హెచ్చినపుడు ఆ వార్త పత్రికలలో బహిరంగముగ వెలువడుచుండెను. దేశమంతయు ఎఱిగినందువలన ఆయన గౌరవమునకు ఇసుమంతయు లోపము కలుగలేదు. పెండ్లిచూపులకు వెఱచి చీటిని దాచు తలిదండ్రులు ఈ రెండు చరిత్రలను ప్రక్క ప్రక్కన నుంచి చూడవలెను.

పెద్దవారి మాట యటుండ, పడుచువారి స్వల్పపు హెచ్చు నిజముగ లెక్కింపదగినదేనా? 1985, 1986 సంవత్సరములలో అమెరికాలోని నాలుగు నగరములందు 18 మొదలు 30 ఏండ్లలోపు వారిని చేర్చుకొని ఒక దీర్ఘపరిశీలన నారంభించిరి. వారిలో 4,851 మందిని, నలుబదియేండ్లు నిండకముందు కొలిచిన అంకెలనుబట్టి విభజించి, ఆ పిమ్మట దాదాపు 19 ఏండ్లు గమనించి, 2018లో ఫలితములను ప్రకటించిరి. గుండెజబ్బు, పక్షవాతము మొదలగు ఉపద్రవములు 228 మందికి కలిగెను. 120/80 లోపు నున్నవారికంటె, పై అంకె 130 మొదలు 139 వఱకు గాని, క్రింది అంకె 80 మొదలు 89 వఱకు గాని యున్నవారికి అపాయము సుమారు 1.75 రెట్లని తేలెను. ఇందు రెండు పాఠములు కలవు. ఇందఱిలో ఇన్నేండ్లకు చిక్కుపడినవారు 228 మందియే కనుక మంచమెక్కి దుఃఖింపవలసిన పనిలేదు. అపాయము రెట్టింపునకు చేరువగ నున్నది కనుక నవ్వి త్రోసివేయ దగినదియు కాదు. చెఱువుగట్టునందలి చిన్న బెజ్జమును వేసవిలో చూచినవాడు తట్టెడు మన్నుతో పూడ్చును. వానకారులో చూచినవాడు ఊరంతటిని కేకవేయవలసివచ్చును. ఇదియు అట్టిదే.

అయితే మొదట ఆ అంకె సత్యమో కాదో తేల్చుకొనవలెను. మన వైద్యశాలలలో రక్తపోటు కొలుచు తీరు చూచినచో జాలి కలుగును. ఎండలో పడి వచ్చినవానిని నిలువబెట్టి, చొక్కా చేతిమీదనే పట్టీ చుట్టి, ఊరు పేరు అడుగుచు కొలుతురు. కొలువబోవు ముందు అరగంటసేపు కాఫీ, చుట్ట, సిగరెట్టు, వ్యాయామము ఉండరాదు. మూత్రవిసర్జన చేసి, వీపు ఆనించి, పాదములు నేలపై మోపి, అయిదు నిమిషములు మౌనముగ కూర్చుండవలెను. చేయి గుండె యెత్తున ఆనియుండవలెను. వ్రేలాడుచున్నచో అంకె పెరుగును. లావుపాటి చేతికి చిన్నపట్టీ చుట్టినను పెరుగును. వైద్యుని చూచినంతనే కొందఱి పోటు పెరిగి, ఇంటికి రాగానే దిగుటయు కలదు. కనుక దండచేతికి చుట్టు మంచి యంత్రముతో ఇంటివద్ద ఏడు దినములు ఉదయము రెండుమార్లు, సాయంకాలము రెండుమార్లు కొలిచి, మొదటి దినపు అంకెలను విడిచి, తక్కినవాని సగటు కట్టవలెను. ఇంటిలెక్కలో 135/85 అనునది వైద్యశాలలోని 140/90తో సమానము. ఒక్క చీటినిబట్టి తీర్పు చెప్పుట న్యాయము కాదు.

అంకె నిజమేయని తేలినచో కారణమును వెదకవలెను. నొప్పులకు అంగడిలో కొనితెచ్చి దినదినము మ్రింగు మాత్రలు, స్టెరాయిడ్లు, ముక్కుదిబ్బడ మాత్రలు, యువతుల విషయమున గర్భనిరోధక మాత్రలు, మితిమీఱి వాడిన అతిమధురము - ఇవన్నియు పోటును పెంచగలవు. నిద్రలో పెద్దగ గుఱకపెట్టుచు ఊపిరి ఆగుచుండువారికిని పెరుగును. మూత్రపిండముల జబ్బు మొదట ఈ రూపముననే బయటపడుట కలదు; దానికి మూత్రపరీక్ష, రక్తపరీక్ష చాలును. చిన్నవయసున అంకె చాల హెచ్చుగ నున్నప్పుడు గాని, రెండు చేతులకు నడుమ, చేతులకు కాళ్ళకు నడుమ పెద్ద భేదము కనబడినపుడు గాని వైద్యుడు రక్తనాళములను శోధింపకుండ వదలరాదు. గర్భిణులకు స్వల్పపు హెచ్చు కూడ స్వల్పము కాదు, తత్క్షణము చూపించుకొనవలెను.

ఏ ప్రత్యేకకారణమును కానరానప్పుడు, అధికసంఖ్యాకుల స్థితి యిదియే, చికిత్స వంటయింటనుండి మొదలుపెట్టవలెను. దినమునకు 5 గ్రాముల ఉప్పు, అనగా ఒక చిన్న చెంచాడు, మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. మన దేశపు జాతీయపరిశీలనలో సగటున మనిషి 8 గ్రాములు తినుచున్నాడని తేలినది. ఆవకాయను ఆంధ్రదేశమునుండి వెడలగొట్టుడని మేము చెప్పబోము. కాని పప్పులో ఉప్పు, కూరలో ఉప్పు, ఊరగాయలో ఉప్పు, అప్పడములో ఉప్పు, ఊరుమిరపకాయలో ఉప్పు చాలక, పెరుగన్నములో మఱల ఉప్పు కలుపుకొనుట రుచి కాదు, అలవాటు. అలవాటు కొలదివారములలో మారును. ఉప్పుపై పన్నును ధిక్కరించి 1930లో చెఱసాలలకు నడచిన జాతికి, ఆ ఉప్పును మితముగ వాడుట అసాధ్యమా? శరీరపు బరువు హెచ్చుగ నున్నవారు ఒక కిలో తగ్గినచో పోటు సుమారు ఒక అంకె దిగునని వైద్యుల లెక్క. వారమునకు 150 నిమిషముల చుఱుకైన నడక, కాయగూరలు, పండ్లు, చాలినంత నిద్ర, మద్యము పొగాకుల విసర్జనము - ఇవి కాసు ఖర్చులేని మందులు. కొన్ని మాసములు నియమముగ నడచినను దిగనిచో, లేక మధుమేహము, మూత్రపిండవ్యాధి తోడుగ నున్నచో, మాత్ర వేసికొనుటకు సంకోచింపరాదు. మాత్ర శాపము కాదు. గోటితో పోవుదానికి గొడ్డలి వలదని మాత్రమే మా మనవి.

ఇది యింటింటి కర్తవ్యము. ప్రభుత్వపు కర్తవ్యము వేఱు కలదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 ఏండ్లు దాటినవారిలో మందులు వాడువారిని కలుపుకొని, నూటికి 24 మంది పురుషులు, 21 మంది స్త్రీలు రక్తపోటు హెచ్చినవారుగ లెక్కకువచ్చిరి. తెలుగు రాష్ట్రములు రెండును ఈ సగటును మించియే యున్నవి. ఇట్లుండగా ప్రభుత్వము ఊరూర జరుపు దీర్ఘవ్యాధుల పరీక్షలు 30 ఏండ్లు నిండినవారికి ఉద్దేశింపబడినవి. మొక్కై వంగనిది మ్రానై వంగునా? 18 ఏండ్లు నిండిన ప్రతి విద్యార్థికిని కళాశాలలోనే ఏటేట సరియైన పద్ధతిని రక్తపోటు కొలువవలెను. కళాశాల మెట్లెక్కని పొలముకూలికిని, దుకాణపు గుమాస్తాకును గ్రామ ఆరోగ్యకార్యకర్తలచే ఆ పరీక్ష జరుగవలెను. స్వల్పపు హెచ్చును సాకుగ గొని కొలువు నిరాకరించుట ఎక్కడను జరుగరాదు. అట్లు జరిగినచో జను లంకెను దాచుటనే నేర్చుకొందురు. తినుబండారముల పొట్లములపై ఉప్పును "సోడియము" పేర చిన్నయక్షరములలో ముద్రించిన జనులకేమి బోధపడును? 2 గ్రాముల సోడియము 5 గ్రాముల ఉప్పునకు సమానమని ఎందఱెఱుగుదురు? ఉప్పును ఉప్పను పేరుతోనే ముందువైపున కనబడునట్లు వ్రాయింపవలెను.

పుత్రునిపేర పొలమును, ఇంటిని, ధనమును నిలుపుటకు మన గృహస్థులు పడని పాట్లు లేవు. వాని నలుబదియైదవయేట పక్షవాతము వచ్చి మంచమున పడినచో ఆ పొలము వాని కెందులకు? పెట్టెయడుగున దాచిన చీటిని బయటికి తీయుడు. వానిని కూర్చుండబెట్టి, అయిదు నిమిషములు మాటలాడనీయక, మఱియొకమారు కొలిపింపుడు.