జరిమానా కట్టినా తీరని శిక్ష

సంక్రాంతికి గోదావరి జిల్లాల్లో కోడిపందేల బరులు ఎవరి అండతో లేస్తాయో ఊరందరికీ తెలుసు. బరి ప్రారంభించిన నాయకుడి ఫొటో మర్నాడు పత్రికల్లో వస్తుంది. కేసు మాత్రం గుంపులో పోలీసులకు దొరికిన కుర్రాళ్ల మీద పడుతుంది. కొన్నాళ్లకు లోక్ అదాలత్. ‘ఒప్పేసుకో, జరిమానా కట్టేస్తే పోతుంది’ అని సలహా ఇచ్చేవాళ్లే చుట్టూ. పోదు. ఒప్పుకుంటే నేరం రుజువైనట్టే. కొన్నేళ్లకు కానిస్టేబుల్ ఉద్యోగానికి రాతపరీక్ష, దేహదారుఢ్య పరీక్షలు గట్టెక్కిన ఆ అబ్బాయి ముందుకు అటెస్టేషన్ ఫారం వస్తుంది. ఎప్పుడైనా అరెస్టయ్యారా, కోర్టు జరిమానా వేసిందా అని అడుగుతుంది. నిజం రాస్తే ఉద్యోగం వస్తుందన్న నమ్మకం లేదు. దాస్తే, దాచినందుకే పోతుంది.

జరిమానాతో ముగిసిన చిన్న కేసు కొన్నేళ్ల తర్వాత దానంతటదే రికార్డులోంచి తొలగిపోయేలా చట్టం రావాలి. మన దేశంలో ఇప్పుడు అలాంటిది లేదు. ఉన్నవి ముక్కలు. పద్దెనిమిదేళ్లు నిండనివారి శిక్ష రికార్డును, అత్యంత తీవ్ర నేరాల్లో తప్ప, అప్పీలు గడువు ముగిశాక తుడిచేయాలని 2015 బాలల న్యాయ చట్టం చెబుతోంది. పెద్దలకు 1958 నాటి ప్రొబేషన్ చట్టం కొంత ఊరట. మందలించి గానీ, సత్ప్రవర్తన బాండు మీద గానీ కోర్టు వదిలేస్తే శిక్ష వల్ల కలిగే అనర్హత ఉండదు. లాయరును పెట్టుకుని ప్రొబేషన్ అడిగినవాడికి ఆ రక్షణ దక్కుతుంది. ఎవరో చెప్పారని జరిమానా కట్టి ఇంటికెళ్లినవాడికి దక్కదు. ఇంతకన్నా తలకిందుల న్యాయం ఉంటుందా?

సుప్రీంకోర్టు ఈ బాధను గుర్తించకపోలేదు. ఢిల్లీ పోలీసు ఉద్యోగానికి చెందిన కేసులో 2011లో, అవతార్ సింగ్ కేసులో 2016లో, కుర్రతనపు చిన్న తప్పులను మన్నించవచ్చంది. అయితే తుది విచక్షణ ఉద్యోగమిచ్చేవారిదే. కాదంటే కోర్టుకెక్కాలి, తీర్పు వచ్చేసరికి వయోపరిమితి దాటిపోతుంది. పైగా 2022లో వచ్చిన నేర గుర్తింపు చట్టం ప్రకారం శిక్ష పడినవారి నుంచి తీసుకున్న వేలిముద్రలను 75 ఏళ్లు దాచవచ్చు.

మరి చట్టసభల మాటేమిటి? రెండేళ్లో అంతకుమించో జైలు శిక్ష పడిన నాయకుడు విడుదలైన ఆరేళ్లకు మళ్లీ ఎన్నికల్లో నిలబడవచ్చు. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టమే ఆ గడువు పెట్టింది. కంపెనీల మీద కేసుల భయం తగ్గించాలని 2023లో జన్ విశ్వాస్ చట్టం తెచ్చి 42 చట్టాల్లోని 183 నిబంధనలను సవరించారు. నాయకుడి మచ్చకూ గడువుంది, వ్యాపారికీ ఊరట ఉంది. కోడిపందెంలోనో పేకాటలోనో దొరికినవాడికే ఏ గడువూ లేదు.

నేరస్తులను వెనకేసుకొస్తున్నారన్న ఆక్షేపణ వస్తుంది. రానివ్వండి. స్త్రీల మీద, పిల్లల మీద హింస, అవినీతి, ప్రాణం తీసిన డ్రైవింగ్ — వీటికి ఈ వెసులుబాటు వద్దేవద్దు. అదే మనిషి మళ్లీ నేరం చేస్తే పాత కేసు కోర్టుకు కనబడేలా ఉంచుకోవచ్చు. ఉద్యోగమిచ్చేవారు అడగకుండా చేయాలన్నదే మా వాదన. బ్రిటన్ 1974లోనే ఈ పని చేసింది. అక్కడిప్పుడు పెద్దలకు పడిన జరిమానా ఏడాదికే కాలం చెల్లుతుంది. అమెరికాలో పెన్సిల్వేనియా 2018లో చిన్న నేరాల రికార్డులను దరఖాస్తుతో పని లేకుండా మూసేసే చట్టం తెచ్చింది. దరఖాస్తు అక్కర్లేకపోవడమే అందులో కీలకం. ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వస్తే ఇక్కడ మళ్లీ దళారులే బాగుపడతారు.

పార్లమెంటు కదిలేదాకా తెలుగు రాష్ట్రాలు ఆగనక్కర్లేదు. రాష్ట్ర ఉద్యోగాల నియామక నిబంధనలు వాటి చేతిలోనివే. అయిదేళ్లు దాటిన జరిమానా కేసులను అటెస్టేషన్ ఫారంలో అడగకుండా ఒక్క జీవోతో మార్చవచ్చు. ఒప్పుకోలు తీసుకునే ముందే దాని పర్యవసానం ఏమిటో లోక్ అదాలత్‌లో తెలుగులో విడమరచి చెప్పాలి. వచ్చే కానిస్టేబుల్ నోటిఫికేషన్‌కు ముందే రెండు ప్రభుత్వాలూ ఈ పని చేయాలి.