ఈ ఎండలో ఎట్లా ఉంటారు?

ఈసారి కొంచెం పెద్దగా రాస్తున్నాను. తప్పులుంటే చెప్పండి, దిద్దుకుంటాను.

నేను రియాద్‌లో పుట్టి పెరిగాను. 2022 డిసెంబర్ 30న, క్రిస్టియానో రొనాల్డో ఇక్కడి అల్ నస్ర్ క్లబ్‌లో చేరుతున్నాడని తెలిసినప్పుడు మా స్నేహితుల వాట్సాప్ గ్రూపు రాత్రంతా మోగుతూనే ఉంది. ఇండియాలో ఉన్న మా కజిన్లందరిదీ ఒకటే ప్రశ్న: "37 ఏళ్ల మనిషి, ఆ ఎండలో ఎట్లా ఆడతాడు?" మా బాపు అది విని నవ్వాడు. (మేము నాన్నను బాపు అంటాం.) "మేం వచ్చినప్పుడు గిట్ల ఎవ్వరు అడగలే బిడ్డా" అన్నాడు.

బాపుది జగిత్యాల దగ్గర ఒక ఊరు. ఇక్కడ ఏసీ మెకానిక్. నిజానికి రొనాల్డోకు ఎండ బాధ తక్కువే. ఇక్కడి లీగ్ ఆగస్టు నుంచి మే దాకా జరుగుతుంది, మ్యాచ్‌లు ఎక్కువగా సాయంత్రమో రాత్రో ఉంటాయి. బాపుకు మాత్రం ఎండాకాలంలోనే పని ఎక్కువ. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా ఎండలో పని చేయించకూడదని ఇక్కడ నియమం ఉంది. మిగతా గంటల్లో మేడల మీదే ఉంటాడు. మా ఇంట్లో అన్నం ఏసీ పెట్టిందే. కాబట్టి ఏసీని తిట్టడానికి ఇది రాయడం లేదు.

నా బాధ వేరు. ఊళ్లో నాయినమ్మ ఇల్లు కూలగొట్టి స్లాబ్ ఇల్లు కట్టిద్దామని బాపు అంటున్నాడు. అది మట్టి గోడల, గూనపెంకల ఇల్లు. మే నెలలో కూడా లోపలి అర్రలో పడుకోవచ్చు.

రియాద్ పక్కనే దిరియా ఉంది. అక్కడి అత్-తురైఫ్‌ను 2010లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అవి కూడా మట్టి ఇటుకల ఇళ్లే. గోడలు మందం, కిటికీలు చిన్నవి. మందం గోడకు పగటి ఎండ లోపలికి చేరడానికి చాలా గంటలు పడుతుంది. అది చేరేలోపు పొద్దు గూకి, బయట చల్లబడుతుంది. అక్కడ గోడ మీద చెయ్యి పెట్టినప్పుడు నాకు నాయినమ్మ ఇల్లే గుర్తొచ్చింది. ఇక్కడ ఆ గోడలను బాగుచేసి అందరికీ చూపిస్తున్నారు. ఇక్కడ సంపాదించిన డబ్బుతో మేము అక్కడ అలాంటి గోడలనే కూలగొడుతున్నాం.

ఫోన్‌లో నాయినమ్మకు ఇదే చెప్పాను. ఆమె ఊరుకోలేదు. "ఏడాదికోసారి పెంకలు సదరాలె. కోతులు పలగ్గొడ్తయ్. గోడలు అలుకాలె. నువ్వొచ్చి అలుకుతవా?" అంది. నా దగ్గర జవాబు లేదు. దూరంగా ఉండి పాత ఇంటిని ప్రేమించడం తేలిక. పని ఆమెది.

అయినా నా అభిప్రాయం ఇది. స్లాబ్ ఇల్లు కట్టండి, కానీ ఒక్క మట్టి అర్ర ఉంచండి. వాకిట్లో వేపచెట్టు కొట్టకండి. స్లాబ్ పగలంతా కాలి, రాత్రి ఆ వేడిని గదిలోకి వదులుతుంది. ఈ సంగతి నాకంటే బాపుకే బాగా తెలుసు. రంజన్ కూడా ఉండాలి. రంజన్ అంటే మంచినీళ్ల మట్టికుండ. దాని గోడల నుంచి నీళ్లు సన్నగా ఊరి ఆవిరవుతాయి, ఆ ఆవిరితో పాటు లోపలి వేడి పోతుంది. గాలి ఎంత పొడిగా ఉంటే అంత బాగా పని చేస్తుంది. రియాద్ గాలి చాలా పొడి. మా వంటింట్లో ఇప్పుడు ఒకటి పెట్టుకున్నాం.

అర్ర, గూనపెంక, అలుకు, రంజన్. ఈ మాటలు నాకు పుస్తకంలో దొరకలేదు, ఆ ఇంట్లో దొరికాయి. ఇల్లు పోతే వీటిని వాడే అవసరం కూడా పోతుంది. అవసరం లేని మాటను నాలాంటివాళ్లు ఎన్నిసార్లు రాసుకున్నా మర్చిపోతారు.

బాపు "చూద్దాంలే" అన్నాడు. మా ఇంట్లో ఆ మాటకు "కాదు" అని అర్థం లేదు, "అవును" అని కూడా లేదు.

మీరు కూడా ఈ వారం ఫోన్ చేసినప్పుడు మీ నాయినమ్మనో అమ్మమ్మనో ఒకటి అడగండి: ఏసీ, కూలర్ లేనప్పుడు ఎండాకాలం మధ్యాహ్నం ఎక్కడ పడుకునేవాళ్లు? రొనాల్డోను గురించి అడిగిన ఆ ప్రశ్నకు అసలైన జవాబు వాళ్ల దగ్గరే ఉంది. అందులో కనీసం మూడు కొత్త మాటలు మీకు దొరుకుతాయి.