క్లాసు బయటి పాఠాలు – 17: తొవ్వ చూపేవాళ్ళు



పోయిన భాగంలో ఆత్మకథల గురించి మాట్లాడుకున్నాం. ఈసారి మాంత్రికుల గురించి. నవ్వకండి. ఫాంటసీ అనగానే పెదవి విరిచేవాళ్ళు మన ఉద్యమాల్లో చాలామందే ఉన్నారు. "ఆకలి గురించి రాయాల్సిన చేత్తో రెక్కల గుర్రాల గురించి రాస్తావా?" అని ఒక పెద్దమనిషి నా విద్యార్థిని మొహం మీదే అడిగాడు. నేను ఒప్పుకోను. మన పిల్లలు కూడా ఆ రెక్కల గుర్రాల కథలు వినే పెరిగారు. గుర్రం మీద ఎవరిని కూర్చోబెట్టారు, దారి ఎవరి చేత చూపించారు అన్నది పట్టించుకోకపోతే నష్టం మనకే.

ముఖ్యంగా ఆ దారి చూపేవాడు. జానపద కథ ఏది తీసుకున్నా హీరోకి ఒకడు ఎదురవుతాడు. తొవ్వ వాడికే తెలుసు. వాణ్ణి నమ్మాలో వద్దో తెలియదు. నమ్మకపోతే కథ ముందుకు నడవదు. ఈ పాత్రని ఎలా కట్టాలన్నది పైకి టెక్నిక్ ప్రశ్నలా కనిపిస్తుంది. నా లెక్కలో అది కులం ప్రశ్న కూడా. పాఠకుడిలో అనుమానం పుట్టించాలంటే రచయితకు ఏదో ఒక గుర్తు కావాలి. ఆ గుర్తు ఎక్కణ్ణించి తెస్తాడు? సమాజం అప్పటికే ఎవరిని అనుమానిస్తున్నదో అక్కణ్ణించే.

1951లో వచ్చిన పాతాళభైరవి మీకందరికీ తెలుసు. తోటమాలి కొడుకు తోట రాముడు, రాజకుమారి, మధ్యలో డబ్బు. రాజు తనతో సమానంగా సంపాదించుకొని రమ్మంటాడు. అప్పుడు దిగుతాడు ఎస్వీ రంగారావు నేపాళ మాంత్రికుడు. వాడు అబద్ధం పెద్దగా ఆడడు, గమనించారా? పాతాళభైరవి ఉన్నమాట నిజం, కోరింది ఇస్తుందన్న మాట నిజం. దాచింది ఒక్కటే: బలికి కావలసిన సాహసవంతుడు రాముడేనని. అందుకే ఆ పాత్ర డెబ్బై ఏళ్ళు దాటినా నిలబడింది. మొత్తం అబద్ధాలాడేవాడు దొంగ మాత్రమే. తొంభై తొమ్మిది నిజాలు చెప్పి ఒకటి మింగేవాడే గైడు. ఇంకో సంగతి, వాడు పేదవాడి అవసరం చూసి వచ్చాడు. రాజకుమారులకు ఇలాంటి గైడ్లు ఎదురైనా తప్పించుకునే వీలుంటుంది, వాళ్ళ వెనక కోట ఉంటుంది. తోటమాలి కొడుక్కి ఆ మాంత్రికుడు తప్ప వేరే దారి లేదు.

కానీ మొదటి సీన్లోనే ఆ గడ్డం, ఆ వేషం చూసి మనకు వాడెవడో తెలిసిపోతుంది. సినిమాకు అది చెల్లింది. కథ రాసేవాళ్ళకు మాత్రం అక్కడ నేర్చుకునేది తక్కువ. వాళ్ళు బేతాళ కథల దగ్గరికి పోవాలి.

బేతాళ కథలంటే చందమామలో రాజు భుజం మీద శవం, ప్రశ్న, మౌనభంగం, అంతే గుర్తుంటుంది. అసలు రాజు శ్మశానానికి ఎందుకు పోయాడు? 11వ శతాబ్దంలో కశ్మీరులో సోమదేవుడు రాసిన కథాసరిత్సాగరం ప్రకారం, ఒక భిక్షువు రోజూ సభకు వచ్చి రాజుకు ఒక పండు ఇచ్చి పోతుంటాడు. ఏమీ అడగడు. ఒకరోజు కోతి ఆ పండు కొరికితే లోపల రత్నం బయటపడుతుంది. అప్పటికి రాజు ఎన్నో ఏళ్ళ పండ్లకు బాకీ పడి ఉన్నాడు. ఎంత చక్కటి కట్టుబడి! నమ్మించడానికి మాటలు అక్కర్లేదు, అడగకుండా ఇస్తూ పోతే చాలు. అడగాల్సిన రోజు ఎదుటివాడే "ఏం కావాలి స్వామీ" అంటాడు. శవాన్ని తెమ్మంటాడు భిక్షువు. తెచ్చాక రాజునే బలి ఇవ్వాలన్నది పథకం. రాజును కాపాడింది ఎవరు? చెట్టుకు వేలాడే శవంలోని బేతాళుడు. సాష్టాంగపడమని వాడు చెప్తాడు, నాకు రాదు, నువ్వే చేసి చూపించు అను, అని ఉపాయం కూడా చెప్పాడు.

చూడండి ఎవరు ఎక్కడున్నారో. సభలో మర్యాదగా కూర్చున్నవాడు హంతకుడు, కాటిలో వేలాడేవాడు నిజం చెప్పేవాడు. తరతరాలుగా కాటికాపరి పని ఎవరి నెత్తిన పెట్టారో మీకు నేను చెప్పాలా? ఇంతవరకు బాగుంది. ఇప్పుడు ఆ హంతకుడి పేరు చూడండి, క్షాంతిశీలుడు. క్షాంతి బౌద్ధుల పారమితల్లో ఒకటి. పైగా వాడు భిక్షువు. మోసగాడికి సోమదేవుడు వేయించిన వేషం బౌద్ధుడిది. ఆ కథను ఎంత ఇష్టంగా చెప్పినా, ఈ ముక్క దగ్గర నేను క్లాసులో ఒక్క నిమిషం ఆగుతాను.

అనుమానపు గుర్తులు కాగితం మీదే ఉండిపోవు. తెలంగాణ పల్లెల్లో బాణామతి, చేతబడి చేస్తున్నారని ఎంతమందిని చెట్టుకు కట్టేశారు! మంత్రం నోట్లోంచి రాకూడదని పళ్ళు ఊడగొట్టారు. ఎక్కువగా ఎవరి పళ్ళు? ఊరి చివర ఒంటరిగా ఉండే ముసలివాళ్ళవి, పేదలవి, మన వాడలవాళ్ళవి. చాలా చోట్ల దాని వెనక భూమి తగాదానో పాత కక్షో ఉంటుంది.

జాషువా ఈ సంగతి ముందే పట్టుకున్నాడు. 1941లో గబ్బిలం రాసేటప్పుడు కాళిదాసు మేఘాన్ని పక్కన పెట్టి, జనం అపశకునం అనుకునే జీవిని దూతగా ఎంచుకున్నాడు. గుడిలోకి దళితుడు పోలేడు, గబ్బిలం పోగలదు. అపనమ్మకానికి పెట్టింది పేరైన ప్రాణిని నమ్మడమే అక్కడ కవిత్వం.

మన క్యాంపసుల్లో గైడు అంటే ఇంకో అర్థం ఉంది కదా. పీహెచ్‌డీ చేసినవాళ్ళకు ఈ వ్యాసం శీర్షిక చూడగానే ఎవరో ఒకరు గుర్తొచ్చే ఉంటారు. పేర్లు వద్దు. మొదటి తరం చదువుకున్న పిల్లకు సినాప్సిస్ అంటే ఏమిటో, ఏ కాగితం ఏ సెక్షన్‌కు పోవాలో ఇంట్లో చెప్పేవాళ్ళు ఉండరు. తొవ్వ మొత్తం ఒక్కరికే తెలుసు. ఆయన తిట్టడు. "చూద్దాం అమ్మా, వచ్చే వారం రా" అంటాడు. ఫెలోషిప్ కాగితం మీద సంతకం వచ్చే వారమే. ఆయన మంచివాడా, చెడ్డవాడా? ఐదేళ్ళ తర్వాత కూడా తేల్చుకోలేని స్నేహితులు నాకున్నారు. నిగూఢమైన పాత్ర అంటే అదీ. పొగమంచు, నల్ల కంబళి, మండే కళ్ళు ఏమీ అక్కర్లేదు. తెలిసినవాడికీ తెలియనివాడికీ మధ్య ఉన్న ఎడమే చాలు భయం పుట్టించడానికి.

డిగ్రీ రెండో సంవత్సరం చదివే ఒకమ్మాయి కాలేజీ పత్రికకు ఫాంటసీ కథ రాస్తోంది. ఎండిపోయిన చెరువు నీళ్ళు భూమి కింద ఒక నగరంలో బందీగా ఉంటాయి. వాటి కోసం ఒక పిల్ల బయలుదేరుతుంది. దారి చూపేది ఊరి చివరి ముసలమ్మ: నల్లటి ముఖం, వేపమండలు, ఊడిన పళ్ళు. చివర్లో మోసం చేస్తుంది. రాసిన అమ్మాయిది మన వాడే. ఎందుకమ్మా ఇట్లా పెట్టావు అంటే, "అట్లుంటేనే భయమైతది గద సార్" అంది. ఎవరికి భయం అని అడిగాను. కాసేపు ఏం మాట్లాడలేదు.

వారం తర్వాత కొత్త గైడును తెచ్చింది. పట్వారీ. తెల్లటి ధోవతి, చంకలో నగరం నక్షా. ఊరి భూములన్నీ వాడి దస్తరంలో ఉంటాయి, వాడు చదివితేనే మనకు తెలుస్తుంది. చదివినదంతా నిజమే, హద్దు రాసిన ఒక్క మాట తప్ప. కింద వేలిముద్ర మనది. పాతాళలోకం ఎక్కడో లేదు, మా తాతల దృష్టిలో ఆ దస్తరంలోనే ఉండేది. (పటేల్, పట్వారీ, కరణం ఉద్యోగాలు 1984లో రద్దు చేసింది మాంత్రికుడిని బలిచ్చిన తోట రాముడే, ఎన్టీఆర్. కథలు అప్పుడప్పుడు ఇట్లా కూడా నడుస్తాయి.)

అయితే ముసలమ్మను తీసేసి బంగారు తల్లిని చేయమని నేను అనలేదు. మన పాత్రలన్నీ మంచివాళ్ళే కావాలంటే అది ఇంకో రకం వెట్టి. ఆ అమ్మాయి నాకంటే ముందే అన్నది, "మంచిదాన్ని చేస్తే చప్పగైతది సార్" అని. ఇప్పటి రాతలో ముసలమ్మ కూడా ఉంది, ఆమె కూడా అబద్ధమాడుతుంది. కాకపోతే ఆమెకో కారణముంది. ఇదివరకు తొవ్వ చూపిస్తే వచ్చినవాళ్ళు నీళ్ళు తోడుకుని పోయి ఆమె పళ్ళు ఊడగొట్టారు. ఈసారి వచ్చిన పిల్ల ఎలాంటిదో తేలేదాకా ఆమె సరైన దారి చెప్పదు. అనుమానం ఇప్పుడు రెండు వైపులా ఉంది.

నగరం గవిని దగ్గర దారి రెండుగా చీలుతుంది. పట్వారీ కుడికి అంటాడు, ముసలమ్మ ఎడమకి అంటుంది. ఇద్దరూ అప్పటికి ఒక్కో అబద్ధం ఆడి ఉన్నారు. నాకు తోచింది చెప్పబోతే ఆ అమ్మాయి వద్దంది. పత్రికకు ఇవ్వడానికి ఇంకా పది రోజులుంది, ఆ చీలిక దగ్గర రెండు పేజీలు ఖాళీగా వదిలేసి తర్వాతి భాగం రాస్తోంది.