కూతురికి పుట్టింటి తలుపు తెరిచి ఉంచండి



మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని మనకో సామెత. అందులో దెబ్బ గురించి ఎవరికీ పట్టింపు లేదు.

ఇప్పటికీ అంతే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేవాళ్లు, మొగుడికి చెప్పకుండా బయటికెళ్లడం, వంట సరిగా చేయకపోవడం, అత్తమామలకు మర్యాద ఇవ్వకపోవడం లాంటి కారణాలు చదివి, వీటిలో దేనికైనా భర్త కొట్టడం సబబేనా అని అడిగారు. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో నూటికి దాదాపు 84 మంది ఆడవాళ్లు ఏదో ఒకదానికి సబబే అన్నారు. వాళ్లను తప్పుపట్టి లాభం లేదు. పోవడానికి చోటు లేనప్పుడు, తిన్న దెబ్బకు తనలోనే తప్పు వెతుక్కుంటుంది మనిషి.

ఆ చోటు లేకుండా చేసింది పుట్టింటివాళ్లమైన మనమే. కట్నంతో వాటా చెల్లిపోయిందంటాం. చెంప వాచి గుమ్మంలో నిలబడితే అన్నం పెట్టి, "సర్దుకుపో తల్లీ, ఇంకా చెల్లెలి పెళ్లి కావాలి" అని మర్నాడు బస్సెక్కిస్తాం. పెద్దమనుషులు అల్లుడి చేత ఇక కొట్టనని కాగితం రాయిస్తారు. ఇది రాస్తున్న మేమూ అలా బస్సెక్కించినవాళ్లమే.

తాగుడే కారణమంటారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడి, ఇంటి గొడవ అనుకున్నదాన్ని వీధిలోకి తెచ్చారు. మరుసటేడు అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో సారా నిషేధమైంది. వాళ్లకు దండం పెడతాం. కానీ తాగనివాళ్లూ కొడుతున్నారు. తాగినవాడు కూడా పని ఇచ్చే మేస్త్రి మీద చెయ్యెత్తడు. ఇంటికొచ్చి పెళ్లాన్ని కొడతాడు, అడిగేవాళ్లు లేరని తెలుసు గనక.

అందుకే అడుగుతున్నాం. 2005 నుంచి పెళ్లయిన కూతురికీ ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా హక్కుంది. పసుపు కుంకుమలతో సరిపెట్టకుండా ఆమె వాటా ఆమె పేర రిజిస్టర్ చేయించండి. పెద్దమనుషులారా, దెబ్బ పడ్డచోట రాజీ కాగితాలు మానండి. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయించండి, గృహహింస ఫిర్యాదులు చూసే రక్షణాధికారి దగ్గరికి తోడు వెళ్లండి. 2006లో అమల్లోకొచ్చిన గృహహింస చట్టం ప్రకారం, కాపురముంటున్న ఇల్లు ఎవరి పేరునున్నా భార్యను ఇష్టమొచ్చినట్టు గెంటేయడానికి వీల్లేదు. పొదుపు సంఘాల అక్కలారా, వాయిదా కట్టడానికి రాని సభ్యురాలి ఇంటికి వెళ్తున్నారు కదా, దెబ్బలు తిన్న సభ్యురాలి ఇంటికీ అలాగే కలిసి వెళ్లండి.

ఇక అప్పగింతలనాడు, కూతురి చెయ్యి అత్తమామల చేతిలో పెట్టేటప్పుడు, అల్లుడికి వినపడేలా చెప్పండి: "ఏ అర్ధరాత్రి వచ్చినా తలుపు తీస్తామమ్మా."